బ్యాట్‌మన్ చిత్రకథామాల: ఉత్తరభాగమునందలి కరుణరసము

ఒక కథ పూర్వభాగమున లోకమునకు ప్రియమైనచో, దాని యుత్తరభాగమును పూర్వభాగముతో సరిపోల్చి చూచుట సహజము. అట్లు చూచి, ఉత్తరభాగము తేలిపోయినదని తీర్పు చెప్పుటయు తఱుచు. అమెరికా దేశమున 1992 మొదలు 1999 వఱకు టెలివిజనులో ప్రసారమైన బ్యాట్‌మన్ చిత్రకథామాల విషయమునను ఇట్టి తీర్పే వినఁబడుచున్నది. తొలికథలను మెచ్చినవారిలో పెక్కురు, కడపటి కథలలో బొమ్మలు పలుచనైనవనియు, ప్రతినాయకులు హృదయము లేనివారైరనియు అందురు. ఈ మాటలో సత్యము కొంత కలదు. కాని మార్పు ఎక్కడ జరిగినది, ఏ కారణమున జరిగినది, దానివలన పోయిన దేది, వచ్చిన దేది అను విచారము లేక తీర్పు చెప్పుట తగదు. ఆ విచారమే ఈ వ్యాసమునకు విషయము.

బాలురకై గీసిన బొమ్మల కథలను పరిశోధన పత్రికలో చర్చింపవచ్చునా యని కొందఱు శంకింపవచ్చును. కథయు, పాత్రయు, రసమును ఉన్నచోట నెల్ల అలంకారశాస్త్రమునకు పని కలదు. మఱియు నేఁటి విద్యార్థులలో పలువురు, ప్రతినాయకుఁ డనఁగా రావణునితోపాటు జోకరు పేరును చెప్పఁగలరు. వారెఱిఁగిన దానిని పట్టుకొని వారెఱుఁగని దానిని బోధించుట ఉపాధ్యాయులకు కొత్త కాదు.

మొదట కథానాయకుని గుఱించి రెండు మాటలు. బ్యాట్‌మన్ అను పాత్రము 1939లో బాబ్ కేన్, బిల్ ఫింగర్ అనువారిచే ఒక సచిత్ర కథాపత్రికయందు సృష్టింపఁబడెను. గాథమ్ అను కల్పితనగరమున బ్రూస్ వేన్ అను ధనికుని తల్లిదండ్రులు, అతని బాల్యమున, అతని కన్నుల యెదుటనే ఒక దోపిడికానిచేత చంపఁబడిరి. అతఁడు పెద్దవాఁడై, పగలు ధనికుఁడుగా తిరుగుచు, రాత్రివేళ గబ్బిలపు వేషము ధరించి నేరగాండ్ర నెదిరించును. అతనికి దివ్యశక్తు లేవియు లేవు. బుద్ధి, దేహబలము, పట్టుదల మాత్రమే కలవు. శోకము నుండి పుట్టిన వీరత్వమగుటచే, ఈ కథలో వీరరసమునకు వెనుక కరుణ మెల్లప్పుడును పొంచియుండును. ఈ సంగతి ముందు చెప్పఁబోవు దానికి ఆధారము.

ఈ చిత్రకథామాలను మూఁడు భాగములుగా విభజింపవచ్చును. మొదటిది 1992 సెప్టెంబరు 5వ తేదిని ఫాక్స్ ప్రసారసంస్థ బాలుర కార్యక్రమములలో ఆరంభమైన ‘బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్’. దీనిని రూపొందించినవారు బ్రూస్ టిమ్, ఎరిక్ రడామ్‌స్కీ అనువారు. కథారచనమున పాల్ డీనీ, ఆలన్ బర్నెట్ ముఖ్యులు. ఇందు 65 కథలు కలవు. రెండవది 1994లో ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ బ్యాట్‌మన్ అండ్ రాబిన్’ అను క్రొత్త పేరుతో వచ్చిన 20 కథలు. ఇవి 1995తో ముగిసెను. మూఁడవది వేఱొక ప్రసారసంస్థలో 1997 సెప్టెంబరు 13 మొదలు 1999 జనవరి 16 వఱకు వచ్చిన ‘ది న్యూ బ్యాట్‌మన్ అడ్వెంచర్స్’. ఇందు 24 కథలు. ఇట్లు మొత్తము 109 కథలు. సౌకర్యమునకై వీనిని వరుసగా పూర్వభాగము, మధ్యభాగము, ఉత్తరభాగము అని పిలిచెదను.

మూఁడు భాగములయందును మాఱని వస్తువులు కొన్ని కలవు. బ్యాట్‌మనుకు గాత్రమిచ్చిన కెవిన్ కాన్రాయ్, జోకరునకు గాత్రమిచ్చిన మార్క్ హామిల్ మొదటినుండి తుదివఱకు నిలిచిరి. టిమ్, డీనీ, బర్నెట్ మువ్వురును ఉత్తరభాగమునకు నిర్మాతలు. సంగీతమున షర్లీ వాకర్ పాలు అంతటను కలదు. కావున ఉత్తరభాగము ఎవరో అన్యులు వ్రాసి అతికించిన ప్రక్షిప్తము కాదు. అదే చేయి, అదే గొంతు. అయినను వేఱు స్వభావము. విచారింపఁదగిన విశేషము ఇందే యున్నది.

ముందు కంటికి కనఁబడు మార్పును చూతము. పూర్వభాగమున రడామ్‌స్కీ ఒక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టెను. సాధారణముగా బొమ్మల కథలలో వెనుకటి దృశ్యములను తెల్లని కాగితముపై చిత్రింతురు. ఆయన నల్లని కాగితముపై లేతరంగులతో చిత్రింపించెను. తెల్లని కాగితముపై చిత్రకారుఁడు నీడను కల్పింపవలెను. నల్లని కాగితముపై వెలుఁగునే కల్పింపవలెను. అందుచే గాథమ్ నగరమంతయు చీఁకటిలోనుండి కొద్దికొద్దిగా బయటికి వచ్చుచున్నట్లు తోఁచును. ఎత్తైన మేడలు, గుండ్రని కార్లు, వెనుకటి తరమువారి టోపీలు, నలుపు తెలుపు టెలివిజను పెట్టెలు మొదలగువానిచే ఆ నగరము ఏ కాలమునకు చెందినదో చెప్పరానిదై యుండును. ఆరంభమున చూపు చిత్రములలో కథామాల పేరైనను వ్రాయఁబడలేదు; మేడపై నిలిచిన గబ్బిలపు నీడయు, మెఱుపును చాలునని నిర్మాతలు తలఁచిరి. 1994లో పేరు మాఱిన పిదప ఆ పేరు తెఱపైకి వచ్చినది.

ఉత్తరభాగమున ఈ రూపమంతయు మాఱినది. బ్యాట్‌మను దుస్తులపై నుండిన నీలిఛాయయు, వక్షముపై గబ్బిలపు గుఱుతు చుట్టునుండిన పసుపుపచ్చని వలయమును పోయి, నలుపు బూడిదరంగులు మాత్రము మిగిలెను. మొగములు కోణములుగా, దేహములు కొద్దిపాటి గీఁతలతో గీయఁబడెను. జోకరు పెదవుల యెఱుపు పోయినది. కన్నులలోని తెలుపు పోయి, నల్లని గుంటలలో తెల్లని చుక్కలు నిలిచినవి. స్కేర్‌క్రో అను ప్రతినాయకుఁడు మాత్రము, మెడకు ఉరిత్రాడుతో, శవమువంటి మొగముతో, మునుపటికంటె భయంకరుఁడయ్యెను.

ఈ మార్పునకు రెండు లౌకిక కారణములు కలవు. టిమ్ ప్రభృతులు 1996లో సూపర్‌మన్ అను వేఱొక వీరుని కథామాలను తక్కువ గీఁతల పద్ధతిలో ఆరంభించిరి. బ్యాట్‌మన్ తిరిగి వచ్చినపుడు ఈ రెండును ఒకే కార్యక్రమమున కలిసి ప్రసారమయ్యెను. ఇద్దఱు వీరులును ఒకరి కథలో నొకరు కలిసికొనిరి. కాఁబట్టి ఇద్దఱిని ఒకే శైలిలో గీయవలసి వచ్చెను. రెండవది చిత్రించు పనికి సంబంధించినది. తెఱపై సెకనుకు 24 చిత్రములు సాగును. బొమ్మలను కదలించు పని విదేశములందలి చిత్రశాలలలో, ముఖ్యముగా కొరియా, జపాను దేశములలో, జరిగెను. ఒక మొగమునకు గీఁతలు ఎక్కువైనకొలఁది వేలకొలఁది చిత్రములలో తప్పులకు చోటెక్కువ. పూర్వభాగమున ఒక కథకును మఱియొక కథకును చిత్రణమున కనఁబడు హెచ్చుతగ్గులు ఇందుకు సాక్ష్యము. గీఁతలు తగ్గించుటచే ఉత్తరభాగమునకు సమత కలిగినది, కదలిక చుఱుకైనది. కాని నల్లకాగితపు గాథమ్ నగరమునందలి నిగూఢత మునుపటి పాటి నిలువలేదు. కంటికి జరిగిన నష్టము నిజమే యని యొప్పుకొనవలెను.

అయినను రూపముమాత్రమే మాఱియుండినచో ఇంత చర్చకు పని లేదు. లోపలి మార్పు ఇంతకంటె గొప్పది. దానిని ఒక్క వాక్యమున చెప్పెదను: పూర్వభాగమున కరుణమునకు ఆలంబనము ప్రతినాయకుఁడు, ఉత్తరభాగమున ఆలంబనము నాయకుని యిల్లు. దీనిని ఉదాహరణములతో నిరూపింతును.

పూర్వభాగమునకు తలమానికముగా పలువు రెన్నిన కథ 1992లో వచ్చిన ‘హార్ట్ ఆఫ్ ఐస్’. రచన పాల్ డీనీది, దర్శకత్వము టిమ్‌ది. రచనకు ఎమ్మీ బహుమానము లభించెను. ఇందలి ప్రతినాయకుఁడు మిస్టర్ ఫ్రీజ్. ఈ పాత్రము 1959 నుండి సచిత్ర కథలలో నున్నను, మంచు తుపాకి పట్టిన సామాన్యపు దొంగయే కాని వేఱు కాదు. డీనీ వానికొక గతమును కల్పించెను. విక్టర్ ఫ్రైస్ అను శాస్త్రజ్ఞుఁడు, తీరని వ్యాధితో నున్న భార్య నోరాను, మందు దొఱకువఱకు కాపాడుటకై, మంచుపేటికలో నిదురింపఁజేసెను. అతని యజమానుఁడు వ్యయమునకు వెనుదీసి ఆ పనిని ఆఁపింపఁగా, ఆ పెనఁగులాటలో శీతలరసాయనములు మీఁదఁబడి, ఫ్రైస్ దేహము మంచుకంటె చల్లని చోటఁ దప్ప జీవింపలేనిదయ్యెను. భార్య పోయినదని నమ్మి, అతఁడు యజమానునిపై పగఁ దీర్చుకొనవచ్చును.

ఇందు నాయకుఁడు చేసిన పని రెండు విధములు. అతఁడు ఫ్రీజును పట్టి బంధించును. కాని యజమానుని నేరమును గూడ లోకమునకు బయలుపఱచును. కడపటి దృశ్యమున ఫ్రీజ్ చెఱలో, నాట్యమాడు చిన్న ప్రతిమగల గాజుగోళము నెదుట నుంచుకొని, భార్యను క్షమింపు మని వేఁడుకొనును. నాయకుఁడు బయట చీఁకటిలో నుండును. జయించినవాని యుత్సాహము ఎక్కడను లేదు. ప్రేక్షకునకు మిగులునది శోకము. ఆ శోకమునకు ఆశ్రయము దొంగ. ఈ కల్పన యెంత సమర్థమైనదనఁగా, పిమ్మట అసలు సచిత్ర కథాపత్రికలే దానిని స్వీకరించినవి.

అదే సంవత్సరమున వచ్చిన ‘ఫీట్ ఆఫ్ క్లే’ రెండు భాగముల కథ. మాట్ హేగన్ అను నటుని మొగము ప్రమాదమున చెడెను. ఒక వ్యాపారి యిచ్చిన లేపనముచే మొగమును కావలసినట్లు మలఁచుకొనవచ్చును. కాని ఆ లేపనమునకు అతఁడు బానిసయయ్యెను. తుదకు ఆ రసము అధికమై అతని దేహమంతయు బంకమన్నుగా మాఱెను. ఏ రూపమైనను ధరింపఁగల నటుఁడు తన రూపమునే పోఁగొట్టుకొనెను. హార్వీ డెంట్ అను న్యాయవాది టూఫేస్ అగుటయు అట్టిదే; అతఁడు బ్రూస్ వేనుకు మిత్రుఁడు. ఇట్లు పూర్వభాగపు ముఖ్యకథలలో నేరము వెనుక గాయ మొకటి యుండును. నాయకుని బలము పిడికిటిలో కంటె, ఆ గాయమును గుర్తించు చూపులో నెక్కువగా నున్నది. తానును గాయపడినవాఁడగుటచే అతఁడు గుర్తింపఁగలుగుచున్నాఁడు.

పూర్వభాగమున మఱియొక గుణము కలదు. బాలుర కార్యక్రమమగుటచే చావును, రక్తమును తెఱపై చూపరాదను నియమములు గట్టిగా నుండెను. ఆ నియమములచే రచయితలు చెప్పక చెప్పుట నేర్చిరి. 1993లో వచ్చిన ‘రాబిన్స్ రెకనింగ్’ ఇందుకు చక్కని యుదాహరణము. డిక్ గ్రేసన్ అను బాలుని తల్లిదండ్రులు సర్కసులో ఊయల ఆట నాడువారు. ఒక దుర్మార్గుఁడు త్రాటిని కోసియుంచఁగా వారు పడి చనిపోయిరి. ఆ పతనము మనకు కనఁబడదు. ఊయల తెఱవెలుపలికిఁ బోవును. మరల తెఱపైకి వచ్చునది తెగిన త్రాడు మాత్రమే. అంతే. ఆనందవర్ధనుఁడు వాచ్యముకంటె వ్యంగ్యమునకు ప్రాధాన్యమిచ్చుట ఏల యని విద్యార్థి యడిగినచో, ఈ త్రాటిని చూపిన చాలును. ఈ కథ తొలిభాగమునకు 1993లో ఎమ్మీ బహుమానము వచ్చెను. ఆ యనాథబాలుని బ్రూస్ వేన్ చేరఁదీసెను. అతఁడే పెరిగి రాబిన్ అను పేర నాయకునకు సహచరుఁడయ్యెను.

మధ్యభాగమున రాబిన్ పాత్రకు ప్రాధాన్యము పెంచుటకు ప్రసారసంస్థ కోరిక కారణము. పేరు మాఱుటయు అందువలననే. కాని రూపమునందును, రసమునందును మధ్యభాగము పూర్వభాగమునే అనుసరించినది. 1994లో ‘డీప్ ఫ్రీజ్’ అను కథలో ఫ్రీజ్ తిరిగి వచ్చును. నోరా మరణింపలేదని, మంచుపేటికలో సజీవయై యున్నదని తెలియును. అనఁగా మొదటి కథయందలి కరుణమునకు ఒక ఆశాకిరణము చేర్పఁబడినది.

ఇఁక ఉత్తరభాగమునకు వత్తము. 1997లో వచ్చిన ‘కోల్డ్ కంఫర్ట్’ అను కథలో ఫ్రీజ్ మరల కనఁబడును. నోరాకు వ్యాధి నయమైనది. కాని ఫ్రీజ్ ఆమెను చేరలేదు. అతనికై వేచియుండి, తుద కామె వేఱొకని వివాహమాడి వెడలిపోయెను. అతఁడు చేరకపోవుటకు హేతువు ఇది: అతని దేహము శిథిలమై, శిరస్సు మాత్రము మిగిలినది, యంత్రదేహముపై దానిని నిలుపుకొని తిరుగుచున్నాఁడు. ఇప్పుడతనికి ధనముతో పని లేదు; ఎవరి పైనను ప్రత్యేకముగా పగయు లేదు. ఇతరులు దేనిని ప్రాణముగా చూచుకొనుచున్నారో దానిని కనుఁగొని నాశనము చేయుటయే అతని వ్రతము. తనకు లేని ప్రేమ మఱెవరికిని ఉండరాదని యతని భావము.

రెండు కథలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో భేదము స్పష్టమగును. మొదటి కథలో ఫ్రీజునకు క్రియ యున్నది, దానికి హేతువైన ప్రేమ యున్నది. తరువాతి కథలో ప్రేమ తొలఁగి, హేతువు శూన్యమైనది. అతఁడు హృదయము లేనివాఁడనుటను రచయితలు మాటగా కాక దేహముగానే చూపిరి. శిరస్సున్నది, హృదయముండవలసిన చోటు లేదు. ఇది రచయితల యజాగ్రత్త కాదు. కరుణమును ఈ పాత్రనుండి బుద్ధిపూర్వకముగా తొలఁగించిరి. అయినను ఫ్రీజును ప్రేమించిన ప్రేక్షకునకు ఇది కష్టము కలిగించును. మొదటి కథ అతనికి ప్రసాదించిన గౌరవమును ఈ కథ తిరిగి తీసికొనినది.

తొలఁగింపఁబడిన కరుణ మెక్కడికిఁ బోయినది? దీనికి 1998లో వచ్చిన ‘గ్రోయింగ్ పెయిన్స్’ అను కథ సమాధానము చెప్పును. ఉత్తరభాగమున రాబిన్ వేషము ధరించినవాఁడు క్రొత్త బాలుఁడు, టిమ్ డ్రేక్. వీని తండ్రి టూఫేస్ కొలువులో నుండి హతుఁడయ్యెను. ఈ కథలో టిమ్, జ్ఞప్తి తప్పి వీథులలో తిరుగుచున్న ఒక బాలికకు రక్షకుఁడగును. ఆమె పేరు ఆనీ. ఆమె యెవరో కాదు. బంకమన్ను దేహముగల హేగన్, బయట ప్రమాదమున్నదో లేదో చూచి రమ్మని, తన దేహమునుండి విడిచి పంపిన ముద్ద. లోకమును చూచిన కొలఁది ఆ ముద్దకు మనసు పుట్టినది, తానొక వ్యక్తి నను భావము కలిగినది. హేగన్ ఆమెను తిరిగి తనలో కలుపుకొనవచ్చును. టిమును కాపాడుటకై ఆమె తానే అడ్డుపడి, వానిలో కలిసిపోవును. హేగన్ పట్టువడిన పిదప, ఏయే నేరములు మోపవలెనను ప్రశ్న వచ్చినపుడు, బాలుఁడు హత్యయు చేర్పుఁడని చెప్పును. ఆ నేరమును ఏ న్యాయస్థానమును విచారింపలేదు. శవము లేదు, ఊరూ పేరూ వ్రాసిన పత్రము లేదు. దుఃఖమొక్కటే సాక్ష్యము.

పూర్వభాగమున ఏ హేగన్ మనకు కరుణాపాత్రుఁడో, ఉత్తరభాగమున ఆ హేగనే కరుణమునకు కారకుఁడయ్యెను. శోకము నాయకుని యింటి బాలుని హృదయమునకు వచ్చి చేరినది. ఆలంబనము మాఱినదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

నాయకుని యింటిలో కలిగిన శోకమునకు మూలమేది? నాయకుఁడే. 1998లోని ‘ఓల్డ్ వూండ్స్’ అను కథ దీనిని విప్పి చెప్పును. మొదటి రాబిన్ అయిన డిక్ గ్రేసన్ ఉత్తరభాగమున నైట్‌వింగ్ అను పేర వేఱుగా నుండును. ఏల విడిపోయెనో అతఁడే టిముకు చెప్పును. ఒక చిన్న నేరగానిని, వాని భార్యయు పసిబాలుఁడును చూచుచుండఁగనే, బ్యాట్‌మన్ క్రూరముగా పట్టి బెదరించి రహస్యము రాబట్టెను. ఆ పసివాని భయము డిక్ కన్నులఁ బడినది. తల్లిదండ్రులను పోఁగొట్టుకొనిన బాలుఁడే వీరుఁడై, మఱియొక బాలునకు భయకారణమగుట అతఁడు సహింపలేకపోయెను. పైఁగా కమిషనరు గోర్డన్ కూఁతురు బార్బరాయే బ్యాట్‌గర్ల్ అని బ్యాట్‌మనుకు తెలిసియు తనకు చెప్పలేదని తెలిసి, కోపమున కొట్టి వెడలిపోయెను. కథాంతమున ఒక యూఱట కలదు. ఆ చిన్న నేరగాఁడిప్పుడు వేన్ సంస్థలో కాపలాదారు. బ్రూస్ వేనే పిలిచి పని యిచ్చెనఁట. తప్పు చేసినవాఁడు మాటతో క్షమాపణ కోరలేదు, చేఁతతో తీర్చుకొనెను. ఇట్టి సూక్ష్మము పూర్వభాగపు ధ్వనిమార్గమునకు తీసిపోదు.

అదే సంవత్సరపు ‘ఓవర్ ది ఎడ్జ్’ ఇంకను ముందుకుఁ బోయినది. ఇందు బార్బరా స్కేర్‌క్రోతో పోరి, ఎత్తునుండి త్రోయఁబడి, తన తండ్రి కారుపైననే పడి మరణించును. అప్పుడుగాని తండ్రికి ఆమె రహస్యము తెలియదు. మిత్రుఁడైన గోర్డన్ బ్యాట్‌మనుకు పరమశత్రువగును, ఇల్లంతయు కూలును. తుదకు ఇదంతయు భయమును పుట్టించు విషవాయువుచే బార్బరా కన్న కలయని తెలియును. కల యనుటచే కొంద ఱిది మోసమందురు. కాని కల ఎవరిదో చూడవలెను. బార్బరా భయము తాను చనిపోవుదు నని కాదు. తండ్రికి చెప్పక దాఁచిన మాటవలన తండ్రి పాడగు నని. మేల్కొని ఆమె తండ్రి యొద్దకు వచ్చి చెప్పఁబోవును. నాకేమియు చెప్పనక్కఱలేదని యాయన వారించును. ఆయనకు ముందే తెలిసియుండెనేమో యని ప్రేక్షకుఁ డూహించుకొనును. చెప్పఁబడని ఆ మాటలోనే కథ ముగియును.

నా సూత్రమునకు అపవాదములు లేకపోలేదు. 1998లోని ‘జడ్జిమెంట్ డే’లో టూఫేస్ మనసున మూఁడవ వ్యక్తి పుట్టి, న్యాయమూర్తి వేషమున నేరగాండ్రను శిక్షించుచు, తుదకు తననే శిక్షింపఁగోరును. కడపట అతఁడు చెఱలో, తన మనసునందలి న్యాయస్థానమున, నేరము నొప్పుకొనుచుండును. కడపటి కథగా 1999లో వచ్చిన ‘మ్యాడ్ లవ్’లో హార్లీ క్విన్ చరిత్రము చెప్పఁబడినది. ఈమె పూర్వసచిత్రకథలలో లేదు. 1992లో డీనీ, టిమ్‌లు ఈ చిత్రకథామాలకే సృష్టించినది. ఉన్మాదచికిత్సాలయమున వైద్యురాలై యుండి, జోకరుపై మోహమున సర్వమును విడిచి, వానిచే కొట్టఁబడియు, ఒక్క పువ్వు కనఁబడఁగానే మరల కరఁగిపోవును. ఇవి రెండును ప్రతినాయకపక్షమున కరుణమును నిలిపినవే. అయితే ‘మ్యాడ్ లవ్’ 1994లో పుస్తకముగా వెలువడిన కథ. చిత్రరూపమున మాత్రము తరువాత వచ్చినది. కావున దానిని పూర్వమార్గమునకు చెందినదిగా నెంచుట న్యాయము. ‘జడ్జిమెంట్ డే’ నిజమైన అపవాదమే. ఉత్తరభాగ రచయితలు పూర్వవిద్యను మఱవలేదని, ఎక్కువగా వాడలేదని మాత్రము దీనివలన తేలుచున్నది.

ఈ సందర్భమున మన భారతరచన జ్ఞప్తికి వచ్చుట సహజము. నన్నయ ఆది సభాపర్వములను, అరణ్యపర్వమునఁ గొంతను రచించెను. తిక్కన విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తన మార్గమున రచించెను. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును, తన చేయి కనఁబడకుండ, నన్నయ పేరనే పూరించెను. ఒక కావ్యమును కొనసాగించుటకు రెండు మార్గములు కలవని మనకు దీనిచే తెలిసినది: పూర్వుని గొంతుతో పలుకుట యొకటి, కథాధర్మమును విడువక తన గొంతుతో పలుకుట మఱియొకటి. ఈ చిత్రకథామాలలో మధ్యభాగము మొదటి మార్గమున, ఉత్తరభాగము రెండవ మార్గమున నడచినవి. ఈ పోలిక ఇంతవఱకే. గుణమున సమానములని నా యభిప్రాయము కాదు. కాని తిక్కన శైలి నన్నయశైలి కాదని తిక్కనను తప్పుపట్టము. ఉత్తరభాగమును గూడ, పూర్వభాగము కాలేదను నేరమునకు శిక్షింపరాదు. దాని ధర్మము నది నిర్వహించెనా యనియే అడుగవలెను.

ఆ ప్రశ్నకు నా సమాధానము ఇది. ఉత్తరభాగమున రూపసౌందర్యము తగ్గినది. గాథమ్ మునుపటి గాథమ్ కాదు. ఫ్రీజ్ వంటి పాత్రలకు అన్యాయము జరిగినది. ఈ రెండు నష్టములను ఎంత మెచ్చుకోలును పూడ్పలేదు. కాని పూర్వభాగము అడుగని ప్రశ్నను ఉత్తరభాగ మడిగినది. ఇతరుల గాయములను అంత చక్కగా చూడఁగల నాయకుఁడు, తన యింటివారి గాయములను చూడఁగలఁడా? పూర్వభాగమున ఒక కథలో జరిగినది మఱుసటి కథకు సాధారణముగా అంటదు. చెఱకుఁ బోయినవాఁడు తిరిగి వచ్చును, ఇంటివారు ఉన్నచోటనే యుందురు. ఉత్తరభాగమున కాలము నడచినది. పిల్లవాఁడు పెద్దవాఁడై యలిగి వెడలినాఁడు. వాని స్థానమునకు మఱియొక పిల్లవాఁడు వచ్చినాఁడు. చేసిన పనికి ఫలము అనుభవింపవలసి వచ్చినది. వీరగాథలో ఇది సామాన్యము కాదు. రామకథకు ఉత్తరకాండము చేర్చినవారు గూడ, గెలిచిన పిదప ఇంటిలో నేమి జరిగినదను ప్రశ్ననే అడిగిరి. ఆ ప్రశ్న నేఁటికిని మనలను బాధించుచునే యున్నది.

పూర్వోత్తరముల తగవును గుఱించి ఉత్తరభాగమే ఒక కథలో తన మాట చెప్పినది. 1998లో వచ్చిన ‘లెజెండ్స్ ఆఫ్ ది డార్క్ నైట్’లో ముగ్గురు పిల్లలు బ్యాట్‌మన్ ఎట్టివాఁడని వాదింతురు. ఒక బాలుఁడు చెప్పిన బ్యాట్‌మన్ డిక్ స్ప్రాంగ్ బొమ్మలవలె నవ్వుచుండు వీరుఁడు. ఒక బాలిక చెప్పినవాఁడు ఫ్రాంక్ మిల్లర్ 1986లో గీసిన ముదుసలి యోధుఁడు. తరువాత వారు అసలు బ్యాట్‌మనునే చూతురు; అతఁడు ఎవరి మాటకును సరిగా సరిపోఁడు. చూచిన తరువాతనైనను ఎవరి బ్యాట్‌మనును వారు విడువరు.

పాఠశాలలో కరుణరసమును బోధించు పండితులకు ఒక మనవి. విభావమును నిర్వచించి వదలక, ఈ 109 కథలలో నుండి రెండింటిని, ఫ్రీజు మొదటి కథను, ఆనీ కథను, విద్యార్థులకు చూపి, ఏ కథలో ఎవరిని గుఱించి మీకు దుఃఖము కలిగినది, ఏల కలిగినది అని యడిగి చూడవచ్చును. వారు చెప్పు సమాధానమే ఆలంబనమునకు నిర్వచనమగును. పిదప ఉత్తరరామచరితమునకు వచ్చినచో, సీత దుఃఖమునకు హేతువు శత్రువు కాక రాముఁడే యగుట ఎట్టిదో వారికి వేఱుగా విప్పి చెప్పనక్కఱ యుండదు.